మాట పోయిన గొంతు

యశోద ఆరేళ్లుగా విసుర్రాయి పాటల మీద పీహెచ్‌డీ చేస్తోంది. పొద్దున మాదన్నపేటలోని వాళ్ల డెయిరీలో పాలు పోసి, చేతుల వాసన పోకముందే పాటలు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ముసలమ్మల కాళ్ల దగ్గర చతికిలబడి, ఫోన్‌లో రికార్డు చేస్తూనే తల వంచుకుని పదాలు రాసుకుంటుంది. మొన్న మధ్యాహ్నం మొఘల్‌పురాలో, ఒకప్పుడు పాటలకు పేరుపడ్డ బాలమ్మ ఇంటికి వెళ్లింది. మంచం మీద ముసలావిడ ఒక్కతే ఉంది. యశోద అలా కూర్చుందో లేదో పాట మొదలైంది. ఎక్కడా వినని పాట. అరగంట సేపు ఆమె తలెత్తకుండా రాసుకుంది. పాట ముగిసేసరికి కూరగాయల సంచితో కోడలు వచ్చింది.

"మీ అత్తమ్మ మస్తు పాడింది వదినా!" అంది యశోద.

"ఏందమ్మా గట్లంటవ్? పక్షవాతమొచ్చి అత్తకు మాట పోయి మూడేండ్లాయె."

యశోద ఫోన్‌లో పాట పెట్టింది. కోడలి చేతిలోంచి సంచి జారిపోయింది.

"అత్త గొంతే! నా పెండ్లిల గిట్లనే పాడింది" అంటూ గోడకు ఆనుకుంది.

ఫోన్‌లో పాట ఆగిపోయినా, వంకరపోయిన పెదవులు కదపకుండా, ఎవరో పాడుతుంటే వింటున్నట్టు బాలమ్మ తలాడిస్తోంది.

మర్నాడు యశోద పీహెచ్‌డీ గైడుకు సంగతంతా చెప్పింది.

"ఆమె పాడుతుంటే నువ్వు చూసినవా?" అని మాత్రం ఆయన అడిగారు.

"చూడలే సార్. విన్న" అంది యశోద. థీసిస్‌లో పాట కింద బాలమ్మ పేరే రాసింది.