పరీక్షకు ముందు బొండాలు

కొత్తపేట చుట్టుపక్కల ఏ రోగానికైనా మొదటి మందు కొబ్బరిబొండం. జ్వరమొస్తే బొండం, వేడి చేస్తే బొండం, అలిగి అన్నం మానేసినవాళ్లకీ బొండమే. అందుకే తన పాప చదివే స్కూల్లో బస్సు డ్రైవరు ఉద్యోగానికి ముందు గంజాయి పరీక్ష చేస్తారని తెలియగానే సుభాష్ ఇంకెవరినీ అడగలేదు. తిన్నగా గంగయ్య బండి దగ్గరికి పోయి, బొండాలు కొట్టించుకుని కడుపు ఉబ్బేదాకా తాగాడు. ఒంట్లో ఏమున్నా కడుక్కుపోతుందని ఆశ. పాపం, అంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదని అతనికి ఎవరు చెప్పాలి!

నిజానికి అతను గంజాయి మానేసి ఏడాది దాటింది. అంతకుముందు కొబ్బరికాయల లారీ తోలేవాడు. నాగపూరు దాకా పోయి రావడంతో నడుం పట్టేసేది. నొప్పికి మంచిదని తోటి డ్రైవరొకడు ఓ దమ్ము ఇచ్చాడు. మొదట్లో సరదాగానే ఉండేది. ఊరికే నవ్వొచ్చేది, ధాబాలో ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. పోనుపోను మతిమరుపు పట్టుకుంది. ఎవరో వెంటపడుతున్నారని మాటిమాటికీ అద్దంలోకి చూసుకునేవాడు. ఇంటికొస్తే భార్య శారోన్ పలకరించకుండా ముందు చొక్కా వాసన చూసేది.

ఓ మధ్యాహ్నం ఆ మత్తులోనే ఖాళీ లారీతో జొన్నాడ దగ్గర గోదావరి వంతెన ఎక్కాడు. ఎంతసేపు పోయినా వంతెన అయిపోలేదు. పొద్దుటినుంచీ దానిమీదే ఉన్నట్టనిపించింది. ముచ్చెమటలు పోసి, నడిమధ్యలో లారీ ఆపేసి, శారోన్‌కి ఫోన్ చేశాడు.

"శారోనూ, ఈ వంతెన ఎప్పటికయిపోద్దే?"

వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ఆ రొదలోనూ ఆవిడ ఏడుపు వినబడింది. ఆ ఏడుపుకే మానేశాడు సుభాష్. నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు, అయినదానికీ కానిదానికీ చిరాకు. పళ్లబిగువున ఓర్చుకున్నాడు. లారీ కూడా వదిలేసి, దొరికినరోజు ట్రాక్టరు తోలుతూ కాలక్షేపం చేశాడు. ఇప్పుడీ బస్సు ఉద్యోగం దక్కకపోతే మళ్లీ లారీ ఎక్కాలి. మళ్లీ ఆ డ్రైవర్లు, ఆ దమ్ము. తను ఎన్నాళ్లు కాదనగలడు? అదీ అతని అసలు భయం.

ల్యాబులో కుమారి అనే అమ్మాయి మూత్రం సీసా వెలుతురుకెత్తి చూసింది.

"ఇదేంటండీ, మంచినీళ్లలా ఉంది? ఇంత పల్చగా ఉంటే పరీక్షకి పనికిరాదండి. ఏం తాగేరు?"

"బొండాలండి."

"దాచుకునేది ఉన్నవాళ్లే ఇలా తాగొస్తారండి. స్కూలువాళ్లకి ఉన్నమాట చెప్పాలి కదండీ. రేపు పొద్దున్న అతిగా ఏం తాగకుండా మళ్లీ రండి."

"ఆయ్" అని బయటపడ్డాడు. తప్పు చేయనివాడు కోరి కోరి తప్పు నెత్తిన వేసుకున్నాడు. ఇంటికెళ్లి జరిగింది చెప్తే శారోన్ మొహం పాలిపోయింది.

"మళ్లీ తాగేరా?"

"ప్రభువు సాక్షి, లేదు."

"మరెందుకండీ ఆ బొండాలు?"

"ఒంట్లో ఎక్కడైనా మిగిలుందేమోనని. నామీద నాకే నమ్మకం లేదు శారోనూ."

ఆవిడ తిట్టలేదు, ఓదార్చలేదు. ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లింది. పుట్టింటివాళ్లకి చెప్పుకుంటోందనుకుని సుభాష్ తల దించుకు కూర్చున్నాడు.

మర్నాడు సుభాష్ మానేసి ఏడాది దాటిందని ముందే చెప్పి సీసా ఇచ్చాడు. కుమారి పరీక్ష చేసి నవ్వేసింది.

"గంజాయి ఏం లేదండి. మానేసి ఏడాదైతే ఇందులో ఏం కనబడుద్ది? ఊరికే కంగారుపడ్డారు."

"ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు సుభాష్. ఆ అమ్మాయి ఇంకోసారి చెప్పింది. గుండెలమీది బరువు దిగి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. తను మంచివాడేనని మొదటిసారి తెలిసినట్టు తనలో తను నవ్వుకుంటూ, ఆ రిపోర్టు పట్టుకుని స్కూలుకి పరుగెత్తాడు.

కరస్పాండెంటు కృష్ణమూర్తిగారు రిపోర్టు చూసి పక్కన పెట్టారు.

"నిన్న ల్యాబువాళ్ల మాట విని నిన్నొద్దనుకున్నానయ్యా. ఇంకో డ్రైవరికి కబురు పెట్టబోతుంటే మీ ఆవిడ ఫోన్ చేసింది."

సుభాష్ ఆత్రంగా అడిగాడు. "ఏవందండి?"

"'మా ఆయన గంజాయి తాగిన మాట నిజవేనండి. మానేసిన మాటా నిజవేనండి. రేపటిదాకా ఆగండి. ఆ బస్సు మొదట ఎక్కేది మా పాపేనండి' అంది."

చుట్టూ టీచర్లున్నారన్న సిగ్గు కూడా లేకుండా సుభాష్ అక్కడే నిలబడి ఏడ్చేశాడు.