ఎర్ర దీపం పట్టుకున్న మా బావ

మా బావ పోయిన బుధవారం పోయాడు. ప్రకటనలవాళ్లు మాత్రం ఆయన్ను మూడేళ్లుగా చంపిస్తున్నారు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా అక్క మొగుణ్ణి ఎరగనివాళ్లు లేరు. రైల్వే గేట్‌మన్. పండగలకు స్టేజీ మీద వేషాలు కట్టేవాడు. రిటైరయ్యాక కూడా పొద్దు వాలగానే పాత చేతిదీపం దించి, భుజం మీది గమ్ఛా తువ్వాలుతో అద్దం తుడిచి, మళ్లీ మేకుకు తగిలించేవాడు. గోల్‌బజార్‌కు చేపలకు వెళ్తే చెయ్యి అడ్డంపెట్టి ఆటోలు ఆపి ముసలివాళ్లను దాటించేవాడు.

“ఆపినోణ్ణి అందరూ తిడతార్రా. ఆపినోడే సుట్టం,” అనేవాడు.

వర్క్‌షాప్‌లో గొడవపడి ఉద్యోగం మానేస్తానని నేను బయల్దేరిన రోజున గుమ్మంలో ఆపింది ఆయనే. “తినేసి పో,” అన్నాడు. తిన్నాక పోలేదు.

మూడేళ్ల కిందట వీడియో ఆట తయారుచేసేవాళ్లు ఆయన వేషం చూసి ముఖమూ గొంతూ తీసుకున్నారు. ఆడేవాడే బాటసారి అయి ఊళ్లు తిరిగే ఆట అది. పొగమంచులో ఒక వంతెన ముందు మా బావ ఎర్ర దీపం ఎత్తి నిలబడతాడు. “ఆగు బాబూ. వంతెన తెగిపోనాది. ఇటు రా, దారి సూపిస్తాను,” అంటాడు. ఆయన పాత్ర అంతే.

ప్రకటనలో “ఆగు” వరకే ఉంచారు. దానికి స్టేజీ మీది రాక్షసుడి నవ్వొకటి అతికించి, కింద ‘వీణ్ణి నమ్మకు’ అని వేశారు. ఎర్ర దీపమంటే ముందు ప్రమాదముందని రైల్వే ఇంట్లో పసివాడికైనా తెలుసు. వాళ్లకది దెయ్యం కన్నులా కనబడింది. ఇక ఆడేవాళ్లు చూడగానే కత్తి దూస్తారు. ఆయన్ను పొడిచి, పరిగెత్తి, తెగిన వంతెన మీంచి పడి చస్తారు. ఆట మళ్లీ మొదలవుతుంది. బావ లేచి దీపం ఎత్తుతాడు.

“ఇయ్యాల ఎన్నిసార్లు సచ్చినావు బావా?” అని ఏడిపించేవాణ్ణి.

“డ్యూటీ దిగడానికి లేదురా. రిలీవర్ రానేదు,” అనేవాడు.

ఆ ఆట ఆడి, హిజ్లీ కాలేజీలో చదువుకునే కుర్రాళ్లు సైకిళ్ల మీద ఆయన్ను చూడ్డానికి వచ్చేవారు. బావ “చా ఖాబే?” అంటూ టీ గ్లాసులు అందించేవాడు. ఒకడు అనుమానంగా చూసి ఆ టీ ముట్టకుండా అరుగు మీద పెట్టేసి పోయాడు. బావ ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు.

“నా మాట సగంలో కొయ్యొద్దని ఆ ప్రకటనలోళ్లకి సెప్పరా,” అన్నాడు.

కంపెనీకి ఫోను చేశాను. “భయపెడితేనే కొంటారు దాదాజీ,” అన్నాడు అవతలివాడు.

శ్మశానం నుంచి తిరిగొస్తుంటే గోల్‌బజార్ మూలన కొత్త పోస్టరు. బావ ముఖం, ఎర్ర దీపం. బావ కొడుకు చదివి చెప్పాడు: ‘మళ్లీ వచ్చాడు.’

మర్నాడు సాయంత్రం తండ్రి గొంతు వినాలని వాడు ఆ ఆట పెట్టాడు. కత్తి తియ్యకుండా నిలబడ్డాడు. పొగమంచులోంచి మాట వచ్చింది, పూర్తిగా. వంటింట్లోంచి అక్క అంది: “లోపలికి రమ్మనురా. మంచులో ఎంతసేపు నిలబెట్టేస్తావు ఆయన్ని?”



వచ్చే ఆదివారం పెద్దకర్మ. ఆ రోజు పొద్దు కుంకేలోగా ప్రకటనలవాళ్లు నాకు జవాబు చెప్పాలి. ఆయన మాట పూర్తిగా వేస్తారా, వెయ్యరా? అంతవరకు మా బావ డ్యూటీ దిగడు. గోల్‌బజార్ మూలన దీపం ఎత్తి, నోరు సగం తెరిచి నిలబడే ఉంటాడు.