తెల్ల దుప్పటి కప్పిన చెక్క

సారపాక సెంటర్‌లో ఆటో ఆగగానే టీకొట్టు రామక్క చెప్పులు విడిచి చేతులు జోడించింది. ఆటో టాపు మీద తాళ్లతో కట్టిన మనిషంత పొడవు మూట. పైన తెల్ల దుప్పటి.

"ఎవరు బిడ్డా పోయింది?"

ఆటోలోంచి దిగిన గోరి పగలబడి నవ్వింది. "చెక్క, అవ్వా! దీని మీద నిలబడి అలల మీద ఉరుకుతరు."

"సచ్చినోళ్లను గిట్లనే తెస్తరు గదనే!" శవం నుదుట పెట్టడానికి తీసిన రూపాయి బిళ్లను రామక్క మళ్లీ గల్లాలో వేసుకుంది.

గోరిది టేకులపల్లి దగ్గరి తండా. తల్లి హేమ్లి లంబాడీ. తండ్రి యాకూబ్ హైదరాబాద్ సిద్దీ. అతని పూర్వీకులను ఆఫ్రికా నుంచి నిజాం కొలువుకు తెచ్చారు. జామాయిల్ లారీ నడుపుతూ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బిడ్డ తండ్రి రంగుతో, తండ్రి జుట్టుతో పుట్టింది. హేమ్లి పట్టుబట్టి గోరి అని పెట్టింది. తెల్లపిల్ల అని అర్థం. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా క్లాసంతా నవ్వేది.

విశాఖలో హోటల్ గదులు ఊడ్చే పనికి వెళ్లినప్పుడు, ఘానా నుంచి చదువుకోవడానికొచ్చిన ఎస్తేర్ ఆమెకు సర్ఫింగ్ నేర్పింది. "మా తీరంలో పిల్లలు వందల ఏళ్లుగా చెక్కలతో అలలెక్కుతున్నారు. ఇది మనది" అంది. 'మనది' అన్న మాట గోరితో అంతకుముందు ఎవరూ అనలేదు. మొదటిసారి అల మీద నిలబడ్డ రోజు ఉప్పునీళ్లు మింగుతూ, ఒడ్డుదాకా అరుస్తూనే వచ్చింది. మూడేళ్లలో తనే పిల్లలకు నేర్పసాగింది. ఎస్తేర్ వెళ్లిపోతూ తన చెక్క ఇచ్చింది.

గోదావరి ఒడ్డున కొత్త రిసార్టులో నీటి ఆటలు నేర్పేవాళ్లు కావాలని విని, ఆ చెక్కతోనే ఇవాళ వచ్చింది. మోటారు పడవ వెనక లేచే అల మీద నిలబడి చూపించింది. పడవ నడిపే పోతయ్య ఈల వేశాడు.

"సూపరమ్మా. ఆదివారం వచ్చెయ్" అన్నాడు మేనేజర్ అనిల్‌కుమార్. సంచిలోంచి ఆకుల లంగా, ఈకల టోపీ తీశాడు. "ఆఫ్రికన్ నైట్ పెడుతున్నాం. డాన్స్ నీదే."

"సార్, నేను నేర్పేటందుకొచ్చిన."

"దానికి గోవా నుంచి వేరే అతను వస్తున్నాడు. గెస్టులకు నమ్మకం కుదరాలి కదా. నీకైతే మేకప్ ఖర్చు కూడా లేదు."

"నాది టేకులపల్లి సార్."

"ఆ ముక్క గెస్టులకు చెప్పకు."

లంగా అతని టేబుల్ మీదే వదిలేసి వచ్చింది. సాయంత్రం అదే ఆటో సారపాకలో ఆగింది.

"ఏందే, నీ చెక్క ఉరికిందా?" అని రామక్క ఎగతాళి చేసింది.

"లేదవ్వా. పొద్దున నువ్వన్నదే నిజం."

రామక్క నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగింది. గల్లాలో వెతికి రూపాయి బిళ్ల తీసింది.

"నుదురు ఎటుంది బిడ్డా?" అని అడిగింది.