నికెల్ తీగలు కొన్న ఆదివారం

మా పిన్ని లాండ్రీలో కాలర్ల మనిషి. చొక్కా ఎవరైనా ఇస్త్రీ చేస్తారు గానీ, కాలరూ చేతుల పట్టీలూ మాత్రం ఆవిడ బల్ల మీదికే వస్తాయి. పదిహేడేళ్లుగా ఆవిరిలో పెట్టీ పెట్టీ ఆవిడ వేళ్లు కాయలు కాశాయి. పొయ్యి మీది గిన్నెని గుడ్డ లేకుండా దించేస్తుంది. గిటారు నేర్చుకునేవాళ్లకి మొదట్లో తీగలు వేళ్లని కోస్తాయట. ఈవిడ్ని కోయలేదు.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి పిన్ని దగ్గరికి వచ్చాను. అదే లాండ్రీలో ఊడిన గుండీలు కుడతాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అక్కడందరూ నన్ను మూగనోము అంటారు.

మా పై వాటాలో ఉన్నాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు ఒకటి పిన్నికి అమ్మేసి వెళ్లాడు. బాబాయిది రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. పిన్నికి తీరిక దొరికేది సరిగ్గా ఆయన నిద్రపోయే వేళకే. అందుకని నాలుగేళ్లలో ఆ గిటారుకి ఒక్కసారి కూడా కరెంటు తగిలించలేదు. బాత్రూములో తలుపేసుకుని, పీట మీద కూర్చుని ఒట్టి తీగలే మీటుకుంటూ నేర్చుకుంది. మీ పిన్ని నాలుగేళ్లుగా స్నానం చేస్తూనే ఉంది, ఇంకా తెమల్లేదు అని బాబాయి అందరికీ చెబుతుంటాడు.

లాండ్రీకి ఎదురుగా టైర్ల కొట్టు. దాని మీద గదిలో ఒక బ్యాండు వాళ్లు సాధన చేసుకుంటారు. వాళ్ల గిటారు ఆయన ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. వాయించడం వచ్చినవాళ్లు ఆదివారం మూడింటికి రావచ్చని మెట్ల దగ్గర కాయితం అంటించారు. ఆ కాయితం ముందు ఆగి పిన్ని రోజూ చెప్పు సరిచేసుకునేది. అదే చెప్పు నాలుగు రోజులు వరసగా ఊడదు కదా. ఐదో రోజు నేనే వెళ్దామా అన్నాను. నలభై రెండేళ్లొచ్చాక ఇప్పుడెందుకులే అంది. నలభై మూడు వచ్చేదాకా ఆగితే కాయితం చింపేస్తారన్నాడు బాబాయి.

శనివారం మధ్యాహ్నం పిన్ని ఒక్కతే వెళ్లి కొత్త తీగలు తెచ్చింది. వాద్యాల కొట్లో వేలాడదీసిన గిటార్లన్నీ ఒక్కోటీ మీటి చూసిందట. ఏది గట్టిగా, తేటగా మోగిందో దాని తీగలే కావాలని అడిగి తెచ్చుకుంది. లావు తీగలు నాలుగూ బెల్లం రంగులో మిలమిలలాడుతున్నాయి. ఆ సాయంత్రం బాత్రూములోంచి వచ్చిన మోతకి నాకు ఒళ్లు పులకరించింది. రేపు వాళ్ల పని అయిపోయినట్టే అన్నాడు బాబాయి.

ఆదివారం మూడింటికి ముందే మెట్లెక్కాం. డ్రమ్ములాయన ఆ కింది కొట్లోనే టైర్లు మారుస్తాడు, బ్యాండుకి పెద్ద ఆయనే. కీబోర్డు వాయించేది ఒక లెక్కల టీచరు. పిన్ని గిటారుకి వైరు తగిలించి, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

స్పీకరులోంచి సన్నతీగలు రెండూ కెవ్వుమన్నాయి. తక్కిన నాలుగూ గొంతు పెగలనట్టు గొణిగాయి. పిన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అంతే. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా, మీ తీగల్లో నాలుగింటికి జలుబు చేసినట్టుంది," అన్నాడు డ్రమ్ములాయన. వెటకారంగా కాదు, జాలిగానే అన్నాడు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఇంకా ఇద్దరు వాయించేది ఉంది, కాసేపు చూసుకోండి, నాలుగు దాటితే మాత్రం గదికి తాళం వేసేస్తాను అన్నాడు.

పిన్ని మెట్ల మీద కూలబడింది. నాలుగేళ్లు నీళ్లపాలు అంది. నేను మాత్రం తలుపులోంచి, గదిలో గోడకి తగిలించిన వాళ్ల గిటారునే చూస్తున్నాను. దాని తీగలు స్టీలు గరిటె రంగులో ఉన్నాయి. మా లావు తీగలు నాలుగూ బెల్లం రంగు. మా గిటారు తీగల కిందున్న నల్లటి ముక్క మీదికి నా జడపిన్ను తీసి పట్టాను. టప్పున అతుక్కుంది.

లాండ్రీలో రోజూ సాయంత్రం నేల మీద రాలిన గుండుసూదుల్ని అయస్కాంతంతో ఏరేది నేనే. సూదులన్నీ వస్తాయి, ఇత్తడి హుక్కులు మాత్రం ఎంత తిప్పినా కదలవు. ఈ నల్లముక్కా అయస్కాంతమే. తనకి అంటుకునే లోహాన్నే వింటుంది. మా సన్నతీగలు రెండూ ఒట్టి స్టీలు, తక్కిన నాలుగింటికీ చుట్టింది ఇత్తడిలాగే అంటుకోని కంచు. చెవికి ఎంత మోగితే ఏం, దానికి వినపడదు.

ఇదంతా నేను పిన్నికి ఒక్క గుక్కలో చెప్పాను. అంత పొడుగు మాట నా నోటెంట రావడం అదే మొదలు. పిన్ని లేచి గిటారు భుజానికి తగిలించుకుంది. వాద్యాల కొట్టు దాకా రెండు వీధులూ పరుగే.

కొట్టావిడ మా తీగలు చూసి నెత్తి కొట్టుకుంది. "ఇవి కరెంటు లేని గిటారువమ్మా. స్పీకరుకి తగిలిస్తానని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

పిన్నికి ఆ మాట తట్టనే లేదు. నాలుగేళ్లుగా తగిలించనిదాన్ని తగిలిస్తానని ఎలా చెబుతుంది?

కొట్టావిడ రెండు పొట్లాలు తీసింది. ఒకటి స్టీలు మీద నికెల్ పూత, గట్టిగా ఖంగుమంటుంది. రెండోది చుట్టిందంతా ఒట్టి నికెలే, మెత్తగా గుండ్రంగా పలుకుతుంది. ఆ రకాలు ముందే ఎక్కించి ఉన్న తన గిటార్లు రెండు మీటి వినిపించింది. పిన్ని చేయి వెంటనే ఖంగుమనేదాని మీదికి వెళ్లింది. నాలుగేళ్లు సద్దు చేయని మనిషి కదా.

"అది వద్దు పిన్నీ," అన్నాను. "లాండ్రీలోకి వినపడుతుందిగా, టీచరుగారి కీబోర్డు అసలే కీచుమంటుంది. నువ్వూ అలాగే పలికితే రెండూ కొట్టుకుంటాయి. మెత్తటిది తీసుకో, దాని కింద నువ్వు వేరుగా వినపడతావు."

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. ఖంగుమనే పొట్లం వెనక్కి తోసేసింది.

కొట్లోనే పాతవి విప్పి కొత్తవి ఎక్కించాం. కొత్త తీగలు కాసేపు సాగుతూ శ్రుతి తప్పుతాయి, ఒక్కోదాన్నీ లాగి వదలాలంది కొట్టావిడ. లాగడం మాకొకరు నేర్పాలా? తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని లాగినట్టే నేను గిటారు పట్టుకుంటే పిన్ని తీగలు లాగింది. శ్రుతి చూడటం, జారడం, మళ్లీ లాగడం. గడియారం నాలుగుకి పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

మేం మెట్లెక్కేసరికి డ్రమ్ములాయన డ్రమ్ముల మీద గుడ్డ కప్పుతున్నాడు. పిన్ని ఆయన్ని అడగలేదు, బతిమాలలేదు. వైరు తగిలించి మొదలుపెట్టేసింది.

ఆరు తీగలూ పలికాయి. లావు తీగల మోత నా అరికాళ్లలోంచి పైకి పాకింది. బాత్రూము తలుపు వెనక నాలుగేళ్లుగా నేను వింటున్నది ఇదా అనిపించింది. కిటికీ అద్దాలు వణికాయి. కింద టైర్ల కొట్లో ఎవరో పని ఆపేశారు. టీచరుగారు మెల్లగా వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నారు. రెండూ కొట్టుకోలేదు. డ్రమ్ములాయన కప్పిన గుడ్డ మీంచే పుల్లలతో దరువందుకున్నాడు, కాసేపటికి గుడ్డ లాగి పారేశాడు.

పాట అయ్యాక ఆయన మంగళవారం ఆరున్నరకి రాగలరా అని అడిగాడు. పిన్ని గిటారు దించలేదు. స్పీకరు వైపు చూస్తోంది.

"వస్తాను. ఇది ఇంకాస్త గట్టిగా కూడా పెట్టొచ్చా?"

డ్రమ్ములాయన నవ్వి, గది తాళం జేబులో వేసుకుని మళ్లీ కూర్చున్నాడు.