మంత్రసానవ్వ పెట్టిన పేర్లు

మా పాళెం మంత్రసానవ్వ పోయింది. పిల్లల చేత పన్నెండో ఎక్కం చెప్పిస్తుంటే, చేపల గంప నెత్తిన పెట్టుకున్న ఒకావిడ బడి గుమ్మం దగ్గర ఆగి, "పంతులమ్మా, అవ్వ పోయింది" అంది. గంపైనా దించలేదు. పిల్లలు ఎక్కం ఆపేశారు. వాళ్ళంతా అవ్వ చేతుల్లో పుట్టినవాళ్ళే, నా కూతురితో సహా. ఎవరి అనుమతీ అడక్కుండా బడికి సెలవిచ్చేశాను.

నేనీ ఊరికి వచ్చింది యాభై ఎనిమిదిలో. కృష్ణపట్నం నుంచి ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ నడిచి వచ్చాను. మా ఆయనకు బిట్రగుంట రైల్వే లోకోషెడ్డులో ఉద్యోగం, వారానికోసారి వచ్చేవారు. బడి తెరిచిన రోజు పిల్లల్ని చేర్చడానికి తల్లులెవరూ రాలేదు. అవ్వే పదకొండు మందిని మేకపిల్లల్లా తోలుకొచ్చింది. పుట్టిన తేదీలడిగితే నవ్వింది.

"పేర్లోనే ఉండాది గదమ్మా. చూసి రాసుకో."

నిజమే. ఓట్లయ్య జనం ఓట్లేసిన రోజు పుట్టాడు. పోలీసమ్మ పుట్టినప్పుడు సారా కుండలు పగలగొట్టడానికి పోలీసులు వచ్చారట. టపాలయ్య పుట్టిన రోజు పాళేనికి మొదటిసారి ఉత్తరం వచ్చింది. అది వేరే ఊరిదని తర్వాత తెలిసిందనుకోండి, అప్పటికే పేరు పెట్టేశారు. చివర నిలబడినవాడు పెంటయ్య.

నేను నెల్లూరు టౌనులో పెరిగినదాన్ని. ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. రిజిస్టర్లో ప్రభాకరం అని రాసి, పిల్లవాడికి పెద్ద ఉపకారం చేశాననుకున్నాను.

నెల తిరక్కుండా ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. రిజిస్టరు చేతిలో పెట్టుకుని "ప్రభాకరం" అన్నారు. ఎవరూ పలకలేదు. రెండోసారి గట్టిగా పిలిచారు. పిల్లవాడు ముందు వరసలోనే కూర్చుని ఆ ప్రభాకరం ఎవరా అని అటూ ఇటూ చూస్తున్నాడు. లేని పిల్లవాడికి హాజరు వేశానని ఆయన కళ్ళెర్రజేసే లోపు, గుమ్మంలో నుంచి అవ్వ గొంతు వినిపించింది. "ఒరే పెంటా!" వాడు స్ప్రింగులా లేచి నిలబడ్డాడు.

ఆయన వెళ్ళాక అవ్వ నన్ను తిట్టలేదు. నా పక్కనే చతికిలబడింది. "వాడికి ముందు ముగ్గురు పోయినారమ్మా. వీణ్ణి పుట్టంగానే పెంటదిబ్బ మీద పడేసి, చేటలో ఎత్తుకొచ్చినాను. బిడ్డల్ని ఎత్తుకపోను వచ్చేవాడు మంచి పేరు వింటే లోపలికొస్తాడు. పెంట అంటే ముక్కు మూసుకుని పోతాడు." తర్వాత నా వైపు చూసి అంది: "పేరుండేది మురిసేదానికి కాదు పంతులమ్మా, పిలిచేదానికి."

మూఢనమ్మకమని తీసిపారేశాను. నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకంటే నాకూ ఇద్దరు పోయారు. మొదటివాడు పదకొండు రోజులున్నాడు, రెండోది నెల. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మూడోసారి నీళ్ళోసుకున్నప్పుడు అవ్వ నా నడక చూసే పట్టేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ముందు ఎంతమంది?" అని అడిగింది. చెప్పాను. ఈ సంగతి విన్నవాళ్ళెవరైనా ఆ తర్వాత అడిగేది ఏ జబ్బు చేసింది, ఏ డాక్టరుకి చూపించారు అని. అవ్వ అది అడగలేదు.

"వాళ్ళకేం పేర్లు పెట్టినావు?"

సుధాకర్, సునంద అన్నాను. "సుదాకరు" అంది అవ్వ మెల్లగా. తర్వాత "సునంద" అంది. వాళ్ళు పోయాక ఇంకొకరు ఆ పేర్లు పలకగా వినడం అదే మొదలు. కరువుదీరా ఏడ్చాను. అవ్వ నా వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

నెల్లూరు ఆసుపత్రికి వెళ్ళాలనుకున్నాను గానీ నొప్పులు ముందే వచ్చాయి. మిట్టమధ్యాహ్నం, బడి వెనక గదిలో, అవ్వ చేతుల్లోనే ఆడపిల్ల పుట్టింది. తెలివి రాగానే నేనన్న మొదటి మాట: "దీనికి దిబ్బ అని పేరు పెట్టవ్వా."

అవ్వ ఒప్పుకోలేదు. "నీ నోరు తిరగదమ్మా. పిలవబోతావు, దిగమింగుకుంటావు. పిలుపు లేకుండా పెరుగుతాది బిడ్డ. నీకు నచ్చింది పెట్టుకో. దిబ్బా అని నేను పిలస్తా."

లలిత అని పేరు పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఎనిమిదేళ్ళు, పొద్దున్నే ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి, అవ్వ మా వాకిట్లో నిలబడి సముద్రం హోరుకి మించి అరిచేది. "ఒసే దిబ్బా! ఉండావా?" నా కూతురు లోపలి నుంచి "ఉండానవ్వా!" అనాలి. అప్పుడు గానీ కదిలేది కాదు. జోరున వాన కురిసినా తాటాకు గొడుగేసుకుని వచ్చేది. పిల్లకు తట్టు పోసినప్పుడు మాత్రం రోజంతా గుమ్మంలోనే కూర్చుని, గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. పలికే ఓపిక లేక పిల్ల లోపల వేలితో గోడ మీద కొట్టేది. అది చాలు అవ్వకి.

ఆ పిలుపే నా బిడ్డను కాపాడిందని నమ్ముతానా? పిల్లలకు సైన్సు పాఠం చెప్పే మనిషిని, నమ్ముతానని అనలేను. కానీ అవ్వ పోయిన మర్నాటి నుంచి పొద్దున లేస్తూనే నా చెవులు వాకిలి వైపే పోయేవి. వాకిట్లో అరుపు లేదు. పిల్ల మాత్రం అలవాటు తప్పక ఆ వేళకు వచ్చి గుమ్మంలో నిలబడేది. నాలుగో రోజున అడిగింది. "అమ్మా, నన్నింక ఎవరూ దిబ్బా అనరా?"



నిన్న సాయంత్రం అది అలల అంచున గవ్వలు ఏరుకుంటూ చాలా దూరం పోయింది. ఒడ్డున నిలబడి "లలితా" అని పిలిచాను. గాలి ఆ పేరును అక్కడికక్కడే ఎత్తుకుపోయింది. వల బాగుచేసుకుంటున్న మగవాళ్ళు తలెత్తి నన్ను చూశారు. వాళ్ళలో మా పెంటయ్య కూడా ఉన్నాడు, మీసాలు మొలుస్తున్నాయి వాడికి. వాడు నన్ను చూసి చిన్నగా తలూపాడు. ఏమనుకుంటారోనన్న వెరపు అప్పుడు పోయింది. గుండె నిండా గాలి పీల్చుకుని అరిచాను.

"ఒసే దిబ్బా! ఉండావా?"

పిల్ల గవ్వలన్నీ ఒళ్ళోంచి జారవిడిచి, ఒక్కసారిగా ఇటు తిరిగింది. "ఉండానమ్మా!" అంటూ, తడిసిన పావడా కాళ్ళకడ్డం పడుతుంటే, నీళ్ళు చిమ్ముకుంటూ పరిగెత్తి వస్తోంది.