నిప్పు లోపలి వైపు

మా అత్తగారిని దుబాయ్ రప్పించడం నా ఆలోచనే. మేముండేది అబూధాబీలో అయినా మావాళ్ళందరికీ ఇది దుబాయే. నేను ఆసుపత్రిలో నర్సును, మావారు కంపెనీ బస్సు డ్రైవరు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాను వాటాలుగా విడగొట్టి అద్దెకిచ్చారు. అందులో మాదొక వాటా. ఇంకా అందరూ మాస్కులు పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లో నాకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నాయి, పొగ అన్నది దగ్గరికి రానివ్వకండి అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నా సెలవు అయిపోవస్తోంది. పిల్లను చూసే మనిషి దొరక్కపోతే నేను ఉద్యోగం మానుకోవాలి, వేరే దారి లేదు. మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇక మిగిలింది మా అత్తగారు.

ఆవిడతో ఉన్న చిక్కల్లా చుట్ట. అదీ మామూలు చుట్ట కాదు, అడ్డపొగ. శ్రీకాకుళం సముద్రపుటొడ్డున ఆడవాళ్ళకు ఉన్న అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. మాది కాకినాడ. నేనెప్పుడూ అలాంటిది కళ్ళచూడలేదు. పెళ్ళయిన మర్నాడు పెరట్లో ఆవిడ మండే కొస నోట్లోకి తోసుకోవడం చూసి, "అయ్యయ్యో, తిరగేసి పెట్టుకున్నారండీ!" అని కేక పెట్టి చెంబెడు నీళ్ళు ఆవిడ మొహాన కొట్టాను. మావారి ఊళ్ళో ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతారు.

అందుకే టికెట్ కొనే ముందు ఫోన్లో గట్టిగా అడిగాను. "మానేశారా లేదా అత్తయ్యా? నిజం చెప్పండి."

"ఒగ్గేసినానే గుంటా. నా మనవరాలి మీదొట్టు."

సరే, నమ్మాను. వచ్చాక కూడా అనుమానించే పని పెట్టలేదు. పిల్లకు స్నానం పోసినా, వెల్లకిలా కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసినా, నర్సునైన నేను కూడా నోరెళ్ళబెట్టి చూడాల్సిందే. పొద్దస్తమానం నోట్లో లవంగాలు. సాయంత్రం మాత్రం, "ఈ ఏసీ గదిలో నాకు గాలాడదే, అలా ఎల్లొస్తాను" అని మాస్కు పెట్టుకుని బైటికి పోయేది. భాష రాని ఊళ్ళో ఈవిడకు అప్పుడే అంతమంది ఎలా తెలిశారో! టాక్సీ నడిపే పఠాన్లు, మసీదు దగ్గర కూర్చునే బంగ్లాదేశీలు దూరం నుంచే "అమ్మా, సలాం" అంటూ చెయ్యెత్తేవాళ్ళు. మా అత్తగారు ఎంత కలుపుగోలు మనిషో అని మురిసిపోయాను కూడా. వాళ్ళంతా ఆవిడకు నిప్పిచ్చేవాళ్ళని నాకేం తెలుసు! హైదరాబాదు విమానాశ్రయంలో అగ్గిపెట్టె లాగేసుకుని చుట్టలు వదిలేశారట. అది తర్వాత తెలిసింది.

ఒకరోజు సాయంత్రం పిల్లకు పాలపొడి కొనాలని బయల్దేరాం. ఆవిడ ముందే నడకకు వెళ్ళింది, మాల్ గుమ్మం దగ్గర కలుస్తానంది. మావారు బస్సు దిగి పెందలాడే రావడంతో మేం అనుకున్నదానికంటే తొందరగా చేరాం. ఆవిడ బైట చెత్తడబ్బా పక్కన నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే గబగబా మాస్కు పైకి లాక్కుంది. లోపలికి పోవాలంటే కరోనా లేదన్న గుర్తుగా ఫోన్లో పచ్చరంగు చూపించాలి. ఫోను సంచీ అడుగున ఎక్కడో ఉంది. "కాస్త పట్టుకోండత్తయ్యా" అని పిల్లను ఆవిడ చేతుల్లో పెట్టాను. ఆవిడ ఊఁ అని తలూపింది తప్ప నోరు తెరవలేదు.

గుమ్మంలో ఒంటి వేడి చూసే కెమెరా ఒకటి ఉండేది, పక్కనే టీవీ లాంటి తెర. మనుషులు అందులో పచ్చగా, నీలంగా కనిపిస్తూ దాటిపోయేవాళ్ళు. మా అత్తగారు దాని ముందుకు రాగానే కుయ్యిమని మోత మొదలైంది. తెర మీద ఆవిడ మొహం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. మాస్కు ఉన్నచోట ఎర్రగా, మధ్యలో తెల్లగా ధగధగలాడుతోంది!

వెనకవాళ్ళు నాలుగడుగులు వెనక్కి గెంతారు. ఎవరో "కోవిడ్, కోవిడ్" అన్నారు. నెల తక్కువ పిల్ల, ఆవిడ గుండెకు ఆనుకుని నిద్రపోతోంది! దేవుడా, ఇదేం ఖర్మ అనుకుంటూ వెళ్ళి పిల్లను లాగేసుకున్నాను.

గార్డు దూరం నుంచే చెయ్యి ఊపాడు. "మాజీ, మాస్క్ నీచే కీజియే."

ఆవిడ నావైపు చూసింది. నేను "తియ్యండత్తయ్యా!" అని అరిచాను. మాస్కు కిందికి దించింది. ముక్కులోంచి రెండు తెల్లటి పొగచారలు వచ్చాయి. పెదాల మధ్య చుట్ట కొస, అంగుళం కూడా లేదు. గార్డు "యా అల్లా" అని మరో అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ తాపీగా ఆ ముక్కను బైటికి తీసింది. కొస కణకణలాడుతోంది. బూడిద అరచేతిలో ఉమ్ముకుని, ఎక్కడ పారెయ్యాలా అని చుట్టూ చూసింది.

నేను పొగ తగలకుండా పిల్ల మొహం మీద చున్నీ కప్పేశాను. మావారైతే నేల చూపులే.

గార్డు గోడ మీది బోర్డు చూపించాడు. ఎర్రటి గుండ్రం, మధ్యలో సిగరెట్టు, దాని మీద అడ్డంగా గీత. ఇక్కడ తాగితే జరిమానా, తెలీదా అని హిందీలో గద్దించాడు. ఆవిడకు భాష అర్థం కాకపోయినా బోర్డు అర్థమైంది. చదువు రాదు గానీ బొమ్మలన్నీ శ్రద్ధగా చూసేదట వచ్చిన రోజు నుంచీ.

"అదే కదా బాబూ! ఆ బొమ్మలో నిప్పు బైటికుంది. అలగ తాగకూడదని రాసినారు. ఎవులి మీదైనా రవ్వ పడతాది. నాది లోపలుంది కదేటి!"

ఎవరికేమని చెప్పను! సూపర్వైజరు వచ్చాడు, మలయాళీ. నేను నర్సునని, పెద్దావిడ పల్లెటూరి మనిషని, కొత్తగా వచ్చిందని బతిమాలాను. ఆయన ఆ ముక్కను, ఆవిడ నోటిని మార్చి మార్చి చూశాడు. "నిప్పు లోపలా? ఒట్టేసి చెప్పు సిస్టర్" అని రెండుసార్లు అడిగాడు. చివరికి "ఖలాస్, యల్లా, ఇంటికి తీసుకుపో" అన్నాడు. పాలపొడి కొనకుండానే వచ్చేశాం.

ఇంటికొచ్చాక నా నోటికి హద్దు లేదు. "ఒట్టు వేసిన నోటితోనే తాగుతారా? ఆ పిల్ల ఊపిరికి కటకటలాడుతుంటే నిప్పు నోట్లో పెట్టుకుని ఎత్తుకుంటారా? నాకొద్దండీ మీ చాకిరీ. ఉద్యోగం పోతే పోనీ. రేపే టికెట్ తీస్తాను, వెళ్ళిపోండి!" అన్నాను. మావారు "అమా, ఏటిది?" అని ఒక్క మాటన్నారు, ఇంక కుర్చీలో కూలబడ్డారు.

ఆవిడ ఏడవలేదు. గుక్కెడు నీళ్ళు పుక్కిలించి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"బైటే తాగినానే గుంటా, ఇంట్లో ఎప్పుడూ ముట్టనేదు. ఇయ్యాల మీరు బేగొచ్చీసినారు, ఉమ్మడానికి సందు నేకపోనాది. అయినా అడ్డపొగ ఎందుకనుకున్నావు? చేపల గంప నెత్తినెట్టుకుని, సంకలో పిల్లడినెట్టుకుని ఎల్లీవోళ్ళం. నిప్పు బైటుంటే పిల్లడి మీద పడతాదని లోపలెట్టుకున్నాం. నీ మొగుడు మూడేళ్ళు నా సంకలోనే పెరిగినాడు. ఒంటి మీద ఒక్క మచ్చ సూపించు! ఒక్క రవ్వ పడనిచ్చానేటి?"

మావారు తలెత్తారు. నేను ఇంకా మండిపడుతూనే ఉన్నాను. పొగ సంగతేంటి, పొగ ఎటు పోతుంది అని అరుస్తున్నాను.

"నమ్మవేటి? ఇదుగో, సూసుకో. ఇంకేటీ నేదు, ఆరిపోనాది" అని నోరు బార్లా తెరిచింది.

కోపంతోనే ఫోను టార్చి వేసి చూశాను. అంగిలి ఉండాల్సిన రంగులో లేదు. తెల్లగా మందంగా, బీటలు వారి ఉంది. వెనకగా ఎడం పక్కన ఒక పుండు, చుట్టూ అంచులు గట్టిపడి లేచి ఉన్నాయి. ఇలాంటివి వార్డులో చూశాను. వాటిని ఏమంటారో, అవి ఉన్నవాళ్ళు తర్వాత ఏమవుతారో నాకు బాగా తెలుసు. ఫోను పక్కకు తిప్పబోతే వెలుగు ఆవిడ కళ్ళలో పడింది.

"ఏటే, ఆరిందా నేదా?"

"ఆరిందత్తయ్యా."

మర్నాడు మా ఆసుపత్రిలో పళ్ళ డాక్టరుకు చూపించాను. ఆయన చూస్తూనే ఆవిడతో మాట్లాడటం మానేసి నాతో ఇంగ్లీషులో మొదలుపెట్టారు. పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఒక్క వారం కూడా ఆలస్యం వద్దన్నారు. విజిట్ వీసా మీద వచ్చిన మనిషికి ఇక్కడ ఆ వైద్యం చేయించడం మా వల్ల అయ్యే పని కాదు. విశాఖపట్నంలో మా ఆడపడుచు ఉంది, పెద్దాసుపత్రి ఉంది. ఆ సాయంత్రమే టికెట్ తీశాను. కోపంలో అన్న మాట నా చేతులతోనే నిజం చేశాను. ఛీ, ఏం నోరిది నాది!

ఆవిడకు ఎంత చెప్పినా ఎక్కలేదు. "నోట్లో పుండుంది అత్తయ్యా, డాక్టరుకి చూపించాలి, అందుకే పంపిస్తున్నాం" అంటే, "ఆ పుండు ఎప్పుట్నుంచో ఉన్నదే. నొప్పి నేదు, ఏటీ నేదు. ఊరికే వంక ఎట్టకు" అంది. సర్దిన పెట్టెలోంచి చుట్టల కట్ట తీసి నా కళ్ళముందే చెత్తబుట్టలో పారేసింది. "ఇంక ముట్టను. నన్ను పంపించకే. పిల్ల గుంట నాకు అలవాటైపోనాది" అని నా చెయ్యి పట్టుకుంది. మావారు గదిలోంచి లేచి వెళ్ళిపోయారు. ముక్క పరీక్ష కాకుండా ఆ జబ్బు పేరు పలకడానికి నాకు నోరు రాలేదు.

విమానాశ్రయంలోకి టికెట్ ఉన్నవాళ్ళనే పోనిస్తున్నారు. మావారి ఊరి మనిషి ఒకాయన అదే విమానంలో వెళ్తుంటే ఆయనకు అప్పగించాం. మేం అద్దాల తలుపు బైట నిలబడ్డాం. లోపల గుమ్మం దగ్గర అదే కెమెరా, అదే తెర. వరస కదులుతోంది. తెర మీద ఆవిడ మొహం అందరి మొహాల్లాగే పచ్చగా కనిపించింది, మోత ఏమీ రాలేదు. గార్డు వెళ్ళమని చెయ్యి ఊపాడు.

ఆవిడ వెళ్ళలేదు. గార్డు ముందు ఆగింది. వెనక్కి తిరిగి అద్దంలోంచి మేం చూస్తున్నామో లేదో చూసుకుంది. తర్వాత మాస్కు కిందికి లాగి, తల వెనక్కి వాల్చి, గార్డుకు నోరు బార్లా తెరిచి చూపించింది. ఏమీ లేదు, చూసుకో అన్నట్టు వేలితో లోపలికి చూపించింది. వాడికి ఏమీ అర్థం కాక తల అడ్డంగా ఊపాడు.