మూడుసార్లు అడిగిన పెద్దాయన

నాకు పాఠం చెప్పడమంటే పిచ్చి. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే చాలు, చొక్కా చేతులు మడిచి మొదటినుంచీ మొదలుపెడతాను. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. ఈ రోగం ఒకసారి నా ఉద్యోగానికే ఎసరు తెచ్చింది. ఆ ఉద్యోగాన్ని కాపాడినాయన గురించి ఇన్నేళ్లుగా ఎక్కడా చెప్పలేదు.

అవి ఎనభయ్యో దశకం మొదటి సంవత్సరాలు. షికాగో దగ్గర ఒక చిన్న ఇంజనీరింగ్ కన్సల్టెన్సీలో పనిచేసేవాణ్ణి. షామ్‌బర్గ్‌లో చిన్న అపార్ట్‌మెంట్, కొత్త కాపురం. కంపెనీ తరఫున గ్రీన్ కార్డ్‌కి అప్లై చేసి ఉంది. ఎక్కడ చూసినా లేఆఫ్‌ల మాటే. ఉద్యోగం పోతే గ్రీన్ కార్డూ పోయినట్టే. అందుకని ఎవరూ నా పనిని వేలెత్తి చూపకూడదని మహా పట్టుదలగా ఉండేవాణ్ణి. చూసేవాళ్లకి అది పొగరులా ఉండేదని తర్వాత తెలిసింది.

మా ఆఫీసులో అప్పటికి డ్రాయింగ్‌లు చేత్తోనే గీసేవాళ్లు. పెద్ద హాల్లో వాలు బల్లలు వరుసగా ఉండేవి. కిటికీ పక్క బల్ల ఒక చైనీస్ పెద్దాయనది. చైనాలో పుట్టి, యుద్ధాల్లో తైవాన్ చేరి, అక్కణ్ణించి ఇక్కడికి వచ్చి, ఇరవై ఏళ్లుగా అదే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నారు. నేను లెక్కలు కట్టి ఇస్తే ఆయన బొమ్మ గీయాలి. నాకు ముప్ఫై, ఆయనకి అరవై దగ్గర. అయినా నేను బల్ల దగ్గరికి వెళ్తే లేచి నిలబడేవారు. ఇంగ్లిష్‌లో నువ్వూ మీరూ తేడా లేదు గానీ ఆయన మాట నా చెవికి ఎప్పుడూ ‘మీరు’ అనే వినిపించేది. ఆ మర్యాద నాకు బాగానే ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ వసంతంలో ఒక రంగుల కంపెనీకి సాల్వెంట్ ట్యాంకు పని వచ్చింది. సాల్వెంట్ అంటే రంగుల్లో కలిపే ద్రవం, నీటికంటే బాగా తేలిక. ఆ ట్యాంకు ఉక్కు స్తంభాల మీద ఎత్తుగా నిలబడాలి. నేను లెక్కలన్నీ చూసి స్తంభాలు సన్నవే సరిపోతాయని తేల్చాను. ఎంత ఉక్కు మిగిలిందో తలచుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను. సోమవారం క్లయింట్‌తో మీటింగ్.

బుధవారం పెద్దాయన డ్రాయింగ్ పట్టుకుని వచ్చారు. “సార్, నాకు కొంచెం చెప్తారా? ఈ స్తంభం మీదికి బరువు ఎలా వస్తుంది?”

ఇంకేం కావాలి నాకు. అరగంట చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని విని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు.

గురువారం మళ్లీ వచ్చారు. “సార్, సాల్వెంట్ రాకముందు ఈ ట్యాంకులో ఏముంటుంది?”

“ఏముంటుంది, గాలి ఉంటుంది” అని నవ్వాను. ఆయన కూడా నవ్వారు. కాసేపు నిలబడి, వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మా ఆవిడతో అన్నాను, “పెద్దాయనకి బుర్ర మందగించినట్టుంది. చెప్పిందే చెప్పించుకుంటున్నాడు.”

“ఇరవై ఏళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నాయన ఊరికే అడుగుతారాండీ? మీరు ఆన్సర్ చెప్పారు సరే, ఆయన క్వశ్చన్ విన్నారా?” అంది.

నాకు ఒళ్లు మండింది. విన్నానని గట్టిగానే చెప్పాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడోసారి వచ్చారు. “సార్, ట్యాంకు కారుతుందో లేదో ఎవరైనా చూస్తారా?”

“అది వెల్డర్ల గొడవ. మీదీ కాదు, నాదీ కాదు. అర్థం కాకపోతే వదిలేసి, ఇచ్చింది ఇచ్చినట్టు గీయండి” అన్నాను. హాలంతా వినపడింది. ఆయన ముఖం ఎర్రబడింది. “మీరు ఓపిగ్గా చెప్పారు, థాంక్స్” అని వెనక్కి వెళ్లారు. అందులో వెటకారం వెతికాను, దొరకలేదు.

ఐదింటికి ఆయన ఇంటికి వెళ్లిపోయాక డ్రాయింగ్ తీసుకుందామని ఆ బల్ల దగ్గరికి వెళ్లాను. అన్నీ ముత్యాల్లా గీసి ఉన్నాయి. స్తంభాలు మాత్రం లేత పెన్సిల్ గీతలు, కొలతలు రాయాల్సిన చోట ఖాళీ. విసుక్కుంటూ నేనే రాద్దామని కూర్చున్నాను. రాసే ముందు ఆ మూడు ప్రశ్నలూ వరసగా గుర్తొచ్చాయి. పెన్సిల్ పక్కన పెట్టేశాను.

ఏ ట్యాంకునైనా కట్టగానే అంచుదాకా నీళ్లు నింపి, కారుతుందేమో చూస్తారు. సాల్వెంట్ వచ్చేది ఆ తర్వాతే. నేను సాల్వెంట్ బరువే లెక్కవేశాను. నీళ్ల బరువు మరిచిపోయాను. నీళ్లు నింపిన రోజున ఆ సన్నటి స్తంభాలు వంగేవి. కారుతుందేమో చూడ్డానికి మనుషులు నిలబడేది సరిగ్గా వాటి మధ్యే.

శనివారం పొద్దున లెక్కలన్నీ మళ్లీ కట్టి, ఆయనకి ఫోన్ చేసి సారీ చెప్పాను. దేనికని ఆయన అడగలేదు. “రేపు మీరిద్దరూ భోజనానికి రండి” అన్నారు.

వాళ్లింట్లో హాలు మూల చిన్న బల్ల మీద ఆయన తండ్రి ఫోటో ఉంది. దాని ముందు కమలాపళ్లు, ఒక గిన్నెలో వేడి అన్నం, అగరొత్తి. మేం మాంసం తినమని మా కోసం విడిగా కూరగాయలూ టోఫూ వండారు. కానీ మొదటి గిన్నె ఆ ఫోటోకే వెళ్లింది. మా ఇళ్లలో తద్దినం ఏడాదికి ఒకరోజు, అదీ సెలవు చూసుకుని. ఈయన ప్రతి ఆదివారం పెడతారట.

“మీ నాన్నగారు నిజంగా వస్తారని నమ్ముతారా?” అని అడిగాను.

“వస్తారో రారో నాకు తెలియదు. వస్తే మాత్రం అన్నం చల్లారి ఉండకూడదు” అన్నారు.

ఆయన తండ్రి పల్లెటూళ్లో బడి పంతులట. ఈయన్ని చైనావాళ్ల పాత కన్ఫ్యూషియన్ పద్ధతిలో పెంచారు. పెద్దలు తప్పుదారి పడితే పిల్లలు మెత్తగా చెప్పాలి. వినకపోతే గౌరవం తగ్గించకుండా మళ్లీ చెప్పాలి. మాట్లాడకుండా ఊరుకుంటే అది మర్యాద కాదు, ద్రోహం. ఆ తండ్రి నేర్పింది ఇదీ.

“కానీ పెద్దవారు మీరు కదా?” అన్నాను.

“ఇంట్లో నేను పెద్ద. ఆఫీసులో మీ కుర్చీ పెద్దది. మీ తప్పు నేను నలుగురిలో చెప్తే, రేపు మీ సరైన మాట కూడా ఎవరూ వినరు.”

ఇదంతా కన్ఫ్యూషియన్ చదువేనా అని అడిగితే కిటికీలోంచి పెరడు చూపించి నవ్వారు. అక్కడ కాసిని వెదురుమొక్కలూ, ఎవరూ చెక్కని ఒక బండరాయీ ఉన్నాయి. ఐదింటిదాకా తాను కన్ఫ్యూషియన్ అనీ, ఆ తర్వాత తావో మనిషిననీ, అంటే దేన్నీ బలవంతపెట్టకుండా ప్రకృతితో సాగిపోయేవాణ్ణనీ చెప్పారు. తావో దారిలో వెళ్లేవాళ్లకి నీళ్లంటే ఎంతో గౌరవమట. అవి ఎవరితోనూ పోటీపడవు, పల్లం వెతుక్కుని వెళ్లి అందరికీ పనికొస్తాయి.

“నేను మరిచిపోయింది కూడా వాటినే” అన్నాను. ఆయన భార్య పగలబడి నవ్వింది, మా ఆవిడా నవ్వింది. నాకు కళ్లు తడయ్యాయి. అంత తెలిసినవాడు అంత తగ్గి ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

రేపు మీటింగ్‌లో మీ పేరు చెప్తాను అన్నాను. వద్దన్నారు. “పని సరిగ్గా అయిపోయింది. ఇంక దాని పక్కన నిలబడటం ఎందుకు?”

సోమవారం మా బాస్ క్లయింట్ ముందు నన్ను మెచ్చుకున్నాడు. నీళ్ల బరువు చూసుకుని చివర్లో స్తంభాలు మార్చడం మంచి ఇంజనీర్ లక్షణం అన్నాడు. నేను నోరు మెదపలేదు. ఆయన వద్దన్నారన్నది నిజమే. గ్రీన్ కార్డ్ భయం అంతకంటే పెద్ద నిజం.

ఆకులు రాలే రోజులకి లేఆఫ్‌లు మా ఆఫీసుకీ వచ్చాయి. డ్రాయింగ్ హాల్లో ఇద్దర్ని తీసేస్తారనీ, వయసు మీద పడ్డవాళ్లే ముందనీ చెప్పుకున్నారు. రెండు రోజులు అన్నం సయించలేదు. ఆయన చేసింది ఆఫీసులో ఎవరికీ తెలియదు, నాకు తప్ప. చెప్తే నా మీదికొస్తుంది. మా ఆవిడ నా ప్లేటు చూసి, “వెళ్లి చెప్పేయండి. గ్రీన్ కార్డ్ పోతే పోయింది, ఇలా ఎన్నాళ్లు తినకుండా ఉంటారు?” అంది.

మర్నాడు బాస్ గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను. లెక్క తప్పింది నేననీ, మూడుసార్లు అడిగి నిలబెట్టింది ఆయనేననీ, హాల్లో ఆయన్ని కసిరాననీ చెప్పాను. నా ఉద్యోగం పోయినా సరే, ఆయన్ని తీయొద్దన్నాను.

బాస్ లేచి తలుపు వేశాడు.

“నేను ఇక్కడ కొత్తగా చేరినప్పుడు ఒక మెట్లదారి డిజైన్ చేశాను. ‘ఈ మెట్లు దిగేవాళ్ల చేతుల్లో ఏముంటుంది?’ అని ఆయన వచ్చి అడిగారు. మళ్లీ మళ్లీ అదే అడిగితే, చెవులు డాక్టర్‌కి చూపించుకోమన్నాను. బరువులు మోసుకుని దిగేవాళ్లకి ఆ మెట్లు మరీ ఇరుకు” అన్నాడు. “నీకు మూడు రోజులు పట్టిందా? నాకు ఐదు పట్టింది. ఆ లిస్టులో ఆయన పేరు రాయడానికి నాకు చెయ్యి రాదు. వెళ్లి పని చూసుకో.”

అన్ని నెలలూ ఆయన నా ఒక్కడి పరువే కాపాడారని అనుకున్నాను. తలుపు తీసుకుని హాల్లోకి వచ్చి, బల్లల మధ్య తలెత్తుకు తిరుగుతున్న ఇంజనీర్లని ఒక్కొక్కర్నీ చూశాను. వీళ్లలో ఇంకెంతమందో అడుగుదామనిపించింది. అడిగినా ఎవరూ చెప్పరని నాకు తెలుసు.